చిటికెడు పొడి

రిపోర్టు వచ్చేసరికి పదకొండున్నర దాటింది. ఆ సమయానికి స్నేహలత ల్యాబ్‌లో మొక్కజొన్న మొలకల వేళ్లు కొలుస్తోంది. ఒక్కో వేరునూ స్కేలు పక్కన పరిచి, ఎంత పొడవుందో చూసి నోటుబుక్కులో రాసుకుంటోంది. ఫోన్ మోగగానే గ్లౌజు విప్పి చూసింది. ఆరు వారాలుగా ఎదురుచూస్తున్న మెయిల్ అది.

మూడేళ్ల క్రితం వానలు మొహం చాటేసిన ఏడు, జనగామ దగ్గర వాళ్ల సొంత చేనులో మొక్కజొన్నంతా వాడి తలలు వాల్చేస్తే, గట్టు వారన ఒక్క సాలు మాత్రం పచ్చగా నిలబడింది. స్నేహలత ఆ సాలులో నాలుగు మొక్కల్ని వేళ్లతో సహా పెకిలించి, మట్టి రాలకుండా కవర్లో కట్టి, బస్సులో ఒళ్లో పెట్టుకుని యూనివర్సిటీకి తెచ్చింది. ఆ వేళ్లకు అంటిన మట్టిలోంచి వేరుచేసిన బ్యాక్టీరియాల్లో పద్నాలుగోది మిగతావాటన్నిటినీ మించిపోయింది. నేలలో ఉండి కూడా మొక్కకు అందని భాస్వరాన్ని అది కరిగించి వేరుకు అందించేది. దాన్ని పట్టించిన విత్తనం వేస్తే సగం ఎరువుతోనే నిండు కంకి వచ్చేది. ఆమె పీహెచ్‌డీ అంతా ఆ పద్నాలుగో నంబరు మీదే నడుస్తోంది. జూన్‌లో పన్నెండు మంది రైతులకు ఇచ్చి పొలాల్లో చూద్దామని ఆమె గైడ్ ప్రొఫెసర్ శశిభూషణ్ ఏర్పాట్లు చేస్తున్నాడు. అనుమతి రావాలంటే ముందు ఆ బ్యాక్టీరియా జన్యువులన్నీ పూర్తిగా చదివించాలి. ఆ రిపోర్టే ఇప్పుడు వచ్చింది.

మొదటి రెండు పేజీలూ అంకెలు. మూడో పేజీలో పేరుంది. స్నేహలత ఆ పేరు చదివింది. మళ్లీ చదివింది. వెనక స్టూలు ఉందో లేదో చూసుకోకుండా కూర్చోబోయి, పడబోయి, బల్ల అంచు పట్టుకుంది.

అది బర్ఖోల్డేరియా అనే కుటుంబానికి చెందిందని ఆమెకు మొదటినుంచీ తెలుసు. ఆ కుటుంబంలో రెండు శాఖలున్నాయి. ఒకటి మొక్కల వేళ్ల దగ్గర బతుకుతూ ఎవరి జోలికీ పోనిది. రెండోదీ వేళ్ల దగ్గరే బతుకుతుంది, మొక్కకు అంతే మేలు చేస్తుంది. కానీ ఒంట్లో శక్తి తగ్గిన మనిషి ఊపిరితిత్తుల్లోకి చేరిందంటే అక్కడే కాపురం పెడుతుంది. మామూలు మందులకు లొంగదు. మొదట్లో చేయించిన చిన్న పరీక్షలో పద్నాలుగో నంబరుది మొదటి శాఖ అనే వచ్చింది. ఆ చిన్న పరీక్ష ఒక్కోసారి తేడా పట్టుకోలేదని ఎక్కడో చదివింది కూడా. చదివి పక్కన పెట్టేసింది.

ఇప్పుడు వచ్చిన పేరు రెండో శాఖది.

ఆరోగ్యంగా ఉన్నవాళ్లకు దీనివల్ల ఏమీ కాదు. మూడేళ్లుగా నేను దీనితోనే ఉన్నాను, నాకేమైంది? అని రెండుసార్లు తనకు తాను చెప్పుకుంది. మూడోసారి చెప్పుకోబోతుండగా ఇంటాయన వెంకటసుబ్బారావు గుర్తొచ్చాడు.

స్నేహలత అద్దెకుండేది తార్నాకలో, మెట్రో స్టేషన్‌కి కాస్త లోపలి సందులో, ఒక ఇంటి డాబా మీది గదిలో. కింద ఇంటివాళ్లుంటారు. వెంకటసుబ్బారావుది బాపట్ల. రైల్వేలో డ్రాఫ్ట్స్‌మన్‌గా చేసి రిటైరయ్యాడు. నాలుగేళ్ల క్రితం రెండు కిడ్నీలూ చెడిపోతే భార్య సుధామయి తనది ఒకటి ఇచ్చింది. ఆ కిడ్నీని ఒళ్లు పరాయిదనుకుని తిప్పికొట్టకుండా ఆయన పొద్దునా సాయంత్రం మాత్రలు వేసుకుంటాడు. రోగాలతో పోట్లాడే శక్తిని అణిచి ఉంచడమే ఆ మాత్రలు చేసే పని.

డాబా మీద ఆయనకు నలభై కుండీల తోట ఉంది. టమాటా, వంగ, బెండ, గోంగూర. పోయిన ఏడాది టమాటా పూతంతా రాలిపోతోందని ఆయన దిగులు పడుతుంటే స్నేహలతే ల్యాబ్ నుంచి ఒక డబ్బా తెచ్చిచ్చింది. తెల్లటి టాల్కం పొడిలో పద్నాలుగో నంబరు కలిపిన డబ్బా.

"ఇందులో ఉన్నవి బతికున్న సూక్ష్మజీవులు కదమ్మా. నాకేం ఇబ్బంది ఉండదుగా?" అని ఆయన అడిగాడు. మట్టి పని చెయ్యాల్సొస్తే మాస్కూ గ్లౌజులూ ఉండాలని డాక్టర్లు చెప్పారని కూడా అన్నాడు.

స్నేహలత నవ్వి, చిటికెడు పొడి తీసి నాలుక మీద వేసుకుంది. "తిన్నా ఏం కాదంకుల్. మా చేన్ల మట్టిల ఉన్నదే. మా బాపు నలభై ఏండ్లసంది దాంట్లనే నడుస్తుండు."

ఆ ఏడు టమాటాలు గుత్తులుగా కాశాయి. ఆయన సందులో ఇంటింటికీ పంచాడు. 'మా స్నేహ మందు' అని చెప్పుకున్నాడు. అప్పట్నుంచీ నెలకో డబ్బా. ల్యాబ్ గడప దాటి ఏదీ బయటికి పోకూడదని రూలుంది. ఒక్క ఇంటికే కదా అనుకుంది ఆమె.

శశిభూషణ్‌కీ ఆ మెయిల్ వచ్చింది. స్నేహలతను పిలిచి, ఆమె లోపలికి రాగానే తనే లేచి తలుపు వేశాడు.

"చూశావా?"

"చూసిన సార్."

"జూన్ ట్రయల్ ఆపేశాను. రైతులకి ఇంకా పంపలేదు కాబట్టి సరిపోయింది." ఆయన కుర్చీలో కూర్చున్నాడు. "స్నేహా, ఒక్కటి అడుగుతాను. ల్యాబ్ బయట ఎవరికైనా ఇచ్చావా? మీ ఊళ్లో గానీ, స్నేహితులకి గానీ?"

చెప్పాలనే నోరు తెరిచింది. తెరిచిన నోటిలోంచి వచ్చింది వేరే మాట.

"లేదు సార్."

"కచ్చితంగా?"

"ఎవ్వలకియ్యలే సార్."

ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. అన్న మాట వెనక్కి తీసుకోవడానికి ఆమెకు అంత వ్యవధి ఉంది. తీసుకోలేదు. ఆయన కళ్లజోడు పెట్టుకుని, "సరే, ఎవరూ ఆ ప్లేట్లు ముట్టుకోవద్దు" అన్నాడు. ఆమె బయటికొచ్చేసింది.

క్యాంపస్‌లోంచి తార్నాక దాకా నడిచే వెళ్లింది. మార్చి ఎండ నెత్తి మాడ్చేస్తోంది. హాస్టళ్ల దగ్గర చెట్టు నీడన ఆగి, ఫోన్‌లో ఆ బ్యాక్టీరియా పేరూ, కిడ్నీ మార్పిడి అనే మాటా కలిపి వెతికింది. మొదట వచ్చిన వ్యాసంలో ఎనిమిది మంది రోగుల కథ ఉంది. ఎనిమిది మందిలో ఎందరు మిగిలారన్న వాక్యం దాకా వచ్చి ఫోన్ ఆపేసింది. ఆ తర్వాత దారిలో ఎవరు ఎదురయ్యారో, రోడ్డు ఎలా దాటిందో ఆమెకు గుర్తులేదు.

సుధామయి గేటు దగ్గర తోపుడు బండిమీద కొత్తిమీర బేరం చేస్తోంది.

"అంకుల్ ఏడున్నరు ఆంటీ?"

"ఎక్కడుంటారు, పైన. నాలుగు రోజుల్నుంచీ ఒకటే దగ్గు. పడుకోమంటే వింటేగా. ఇవాళ వంగ మొక్కలకి నీ మందు వేసే రోజట."

స్నేహలత మెట్లు రెండేసి చొప్పున ఎక్కింది.

ఆయన పీట మీద కూర్చుని ఉన్నాడు. మాస్కు లేదు. గ్లౌజులు లేవు. డబ్బాలో చెయ్యి పెట్టి పొడి గుప్పిట్లోకి తీస్తుంటే గాలికి కొంత లేచి ఆయన మీసాల మీద తెల్లగా వాలింది.

"రామ్మా. ఆకు చూడు, ఎంత వెడల్పొచ్చిందో—" మాట పూర్తికాకుండానే దగ్గు తెరలు తెరలుగా వచ్చింది. దగ్గు ఆగాక గట్టిగా ఊపిరి పీల్చుకున్నాడు. ఆ పీల్చడం చూసి స్నేహలత ఒక్క అంగలో వెళ్లి డబ్బా లాక్కుంది.

"ఏమైందమ్మా?"

"ఇది... డేట్ అయిపోయిందంకుల్. పాడైంది. పనిచెయ్యదిగ."

"పురుగులకి కూడా ఎక్స్‌పైరీ ఉంటుందా?" అని ఆయన నవ్వాడు.

"జ్వరమున్నదా మీకు?"

"రాత్రుళ్లు కాస్త వెచ్చబడుతోంది. సీజను మారింది కదా."

ఆయన చెయ్యి పట్టుకుని లేపింది. కాలిపోతోంది. కిందికి పంపి, చేతులూ మొహం సబ్బుతో కడుక్కోమని, నోరు పుక్కిలించమని చెప్పింది. ఆయన వెళ్లాక డబ్బాకి మూత బిగించి, మూడు కవర్లలో చుట్టి, గదిలో మంచం కింద పెట్టింది. పెట్టాక గదిలో కూర్చోలేకపోయింది. వెళ్లిపోదామా అనిపించింది. జనగామ బస్సు ఎక్కేస్తే రెండు గంటల్లో ఇంట్లో ఉండొచ్చు. బ్యాగు తీసి రెండు జతల బట్టలు పెట్టింది కూడా. మళ్లీ తీసేసి తండ్రి చంద్రయ్యకు ఫోన్ చేసింది.

"బాపు, నీకు దగ్గున్నదా?"

"ఏంది బిడ్డా, గట్లడుగుతున్నవు? నాకేమైతది? మంచిగనే ఉన్న."

"జ్వరం గిట్ల?"

"ఏం లేదే. నువ్వు అన్నం తిన్నవా?"

తిన్నానని పెట్టేసింది. తండ్రి కోసం కలిగిన భయం తగ్గిన కొద్దీ అసలు సంగతి తేటపడసాగింది. చేని మట్టిలో ఆ పురుగులు చిటికెడుకి కొన్ని వేలు ఉంటాయేమో. మిగతా వందల రకాల పురుగులు వాటిని అదుపులో పెడుతుంటాయి. తను దాన్నొక్కదాన్నే ఏరి, తిండిపెట్టి పెంచి, చిటికెడులో వంద కోట్లుండేలా చేసింది. అలా చేసిన పొడిని, పోట్లాడే శక్తి లేని మనిషి చేతికిచ్చి, ఊపిరి పీల్చుకునేంత దగ్గర కూర్చోబెట్టింది.

ఏడింటికి కిందినుంచి సుధామయి కేక వేసింది. ఆయనకు ఆయాసంగా ఉంది. మాట రావడం లేదు. ముగ్గురూ ఆటోలో ఆయన ఎప్పుడూ చూపించుకునే ఆసుపత్రికి వెళ్లారు. ఎక్స్‌రేలో కుడి ఊపిరితిత్తి కింది భాగం తెల్లగా ఉంది. నిమ్ము చేసిందన్నారు. సెలైన్ పెట్టి యాంటీబయాటిక్ ఎక్కించడం మొదలుపెట్టారు. స్నేహలత మందు సీసా మీది పేరు చదివింది. తను పెంచినదే అయితే ఆ మందు దానికి చాలదని ఆమెకు తెలుసు. డాక్టరుకి చెప్పాలనుకుంది, చెప్పలేదు. నిమ్ము దేనివల్లయినా రావచ్చు. ఈ మందుకే తగ్గిపోవచ్చు. పొద్దున చూద్దాం. ఇంటికెళ్లాక తలుపు గడియ వేసి, తెల్లారేదాకా గోడకానుకుని కూర్చుంది.

పొద్దున ఏడున్నరకు ఆసుపత్రికి వెళ్తే, ఆయన్ని ఐసీయూలోకి మార్చారని చెప్పారు. సుధామయి వరండాలో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఉంది. ఒళ్లో ఫ్లాస్కు. జుట్టు దువ్వుకోలేదు.

"తెమడలో రక్తం పడిందమ్మా. ఆక్సిజన్ పెట్టారు. వేసిన మందు పనిచెయ్యడం లేదట. ఏ పురుగో తెలిస్తే గానీ మందు మార్చలేమంటున్నారు. దానికి మూడు రోజులు పడుతుందట." అని తన నడుం పక్కన చెయ్యి పెట్టుకుంది. "కిడ్నీ మాత్రం ఇంకా పనిచేస్తోందన్నారు. ఇప్పటిదాకా."

స్నేహలత పక్క కుర్చీలో కూర్చుంది.

"ఆంటీ... ఏం పురుగో నాకు తెలుసేమో."

సుధామయికి మొదట అర్థం కాలేదు. స్నేహలత చెప్పుకుంటూ పోయింది. రిపోర్టు, డబ్బా, పొడి, నాలుక మీద వేసుకున్న చిటికెడు. చెబుతున్నంతసేపూ ఆవిడ ఫ్లాస్కు మూతను తిప్పుతూ ఉంది. చెప్పడం అయిపోయాక మూత తిప్పడం ఆగింది.

"నీకెప్పుడు తెలిసింది?"

"నిన్న... పగటీలి."

"నిన్న సాయంత్రం ఆటోలో నా పక్కనే కూర్చున్నావు."

"అవునాంటీ."

"ఆయన్ని నీ భుజం మీదే ఆనించుకున్నావు."

స్నేహలత తలొంచుకుంది. సుధామయి కొడుతుందేమో అనుకుంది. కొడితే బాగుండుననుకుంది. ఆవిడ లేచి ఆమె మణికట్టు పట్టుకుంది. ఆ పట్టుకు స్నేహలత చేతిగాజు విరిగి చర్మంలో గుచ్చుకుంది.

"పద. డాక్టరుకి చెప్పు. నాకు చెప్పినట్టే మొత్తం చెప్పు."

కిడ్నీ డాక్టరు నిరోష చిన్న వయసు మనిషి. నిలబడే విన్నది. స్నేహలత ఫోన్‌లో రిపోర్టు తీసి చూపిస్తే మూడో పేజీ రెండుసార్లు చదివింది.

"దీన్ని ఆసుపత్రి మెషీన్లు ఒక్కోసారి వేరే పేరుతో చూపిస్తాయి. పేరు ముందే తెలిసింది కాబట్టి దేనికోసం వెతకాలో మా ల్యాబ్‌కి చెబుతాను," అంది. "దీనికి రెండు మందులున్నాయి. ఒకటి బాగా పనిచేస్తుంది గానీ కిడ్నీ మీద దెబ్బ పడొచ్చు. మార్చిన కిడ్నీ కదా, నాకు ధైర్యం చాలదు. రెండోది కిడ్నీకి ఫర్వాలేదు, కానీ కొన్ని రకాలు దానికి లొంగవు. మీ దాని మీద పనిచేస్తుందా?"

"చూడలే మేడం. మొక్కల పని గదా... మందుల పరీక్ష చెయ్యలే."

"ఎంతసేపట్లో చెయ్యగలరు?"

"రేపు పొద్దుగాలకి."

"చెయ్యండి. మీ ఫలితాన్ని నేను కేసు షీట్‌లో రాయలేను. కానీ నాకు చూడాలనుంది. ఈలోపు ఆ రెండో మందే మొదలుపెడతాను." తలుపు దాకా వెళ్లి వెనక్కి తిరిగింది. "నిన్న సాయంత్రమే చెప్పి ఉంటే పన్నెండు గంటలు కలిసొచ్చేవి."

స్నేహలత ఆటోలో క్యాంపస్‌కి వచ్చింది. ప్లేట్లు ముట్టుకోవద్దన్న గైడ్‌కి చెప్పకుండా పరీక్ష పెట్టడం కుదరదు. చెప్పాలంటే నిన్నటి అబద్ధాన్నీ ఒప్పుకోవాలి. మెట్ల దగ్గర ఆగి, రెయిలింగు పట్టుకుని, పదిదాకా లెక్కపెట్టి పైకి వెళ్లింది.

శశిభూషణ్ అంతా విన్నాడు. అరవలేదు.

"నిన్న అడిగాను."

"అవును సార్."

"రెండుసార్లు అడిగాను."

"అవును సార్. భయమైంది."

ఆయన లేచి కిటికీ దగ్గరికి వెళ్లి నిలబడ్డాడు. జేబులోంచి పెన్ను తీసి మళ్లీ జేబులోనే పెట్టాడు. మళ్లీ తీశాడు, మళ్లీ పెట్టాడు. ఆయనకూ భయమేస్తుందని అంతవరకూ ఆమెకు ఎప్పుడూ తట్టలేదు.

"యూనివర్సిటీ భద్రతా కమిటీకి ఉత్తరం నేను రాస్తాను. నీ పేరూ ఉంటుంది, నా పేరూ ఉంటుంది," అన్నాడు. "అది తర్వాత. ముందు వెళ్లి ప్లేట్లు పెట్టు."

ల్యాబ్‌లో అటెండరు పేరయ్య గాజు పాత్రలు సర్దుతున్నాడు. ఆమె రెండు మాస్కులు పెట్టుకుని గ్లౌజుల మీద గ్లౌజులు తొడుక్కోవడం చూసి ఆగిపోయాడు.

"ఏందమ్మా, ఇయ్యాల గిట్ల జేస్తున్నవు?"

చెప్పింది. అతను చేతిలో పాత్ర బల్లమీద పెట్టాడు.

"మూడేండ్లసంది గివే ప్లేట్లు కడుగుతున్న. నాకు షుగరున్నది. నాకేమన్న అయితదా?"

"తెల్వదు పేరన్నా. ఇప్పుడే పోయి చూపించుకో. నువ్విగ లోపటికి రాకు," అంది. అతను తన అరచేతుల్ని ఒకసారి అటూ ఇటూ తిప్పి చూసుకుని, వాటిని ఒంటికి తగలనీయకుండా పట్టుకుని బయటికి నడిచాడు. (వారం తర్వాత అతని పరీక్షలన్నీ బాగానే వచ్చాయి. కానీ ఆ వారం అతనింట్లో ఎవరికీ నిద్ర లేదు.)

స్నేహలత ప్లేటు మీద బ్యాక్టీరియాను పల్చగా పరిచి, దానిమీద మందు అద్దిన చిన్న కాగితపు బిళ్లలు ఆరు పెట్టింది. మందు పనిచేస్తే బిళ్ల చుట్టూ బ్యాక్టీరియా పెరగక గుండ్రంగా ఖాళీ ఏర్పడుతుంది. పనిచెయ్యకపోతే బిళ్ల అంచుదాకా పాకుతుంది. అంతే పరీక్ష. ప్లేట్లను వెచ్చటి పెట్టెలో పెట్టి, ఇక చెయ్యడానికేమీ లేక దాని ముందే కూర్చుంది.

మర్నాడు పొద్దున ఆరున్నరకు పెట్టె తెరిచింది. మొదటి బిళ్ల చుట్టూ అంచుదాకా పాకింది. రెండోదాని చుట్టూ కూడా. మూడోది ఆసుపత్రిలో మొదట ఎక్కించిన మందు. దాని చుట్టూ కూడా పాకేసి, నున్నగా మెరుస్తోంది. ఎప్పుడూ అందంగా ఉందనుకునే ఆ మెరుపును చూడలేక చూపు తిప్పుకుంది. నాలుగో బిళ్ల డాక్టరు అడిగినది. దాని చుట్టూ అద్దంలా ఖాళీ ఉంది. కొలిచింది. ఇరవయ్యేడు మిల్లీమీటర్లు. తన కళ్లను నమ్మక మళ్లీ కొలిచింది. ఫొటో తీసి డాక్టరు నిరోషకు పంపింది. పది నిమిషాలకు జవాబు వచ్చింది: 'మంచిది. అదే కొనసాగిస్తున్నాం.'

మూడో రోజు తెమడ పరీక్షలో అదే పేరు వచ్చింది. వస్తుందని తెలిసి కూడా, వచ్చిన రోజు స్నేహలత అన్నం ముట్టలేకపోయింది. అయిదో రోజు ఆయన మూత్రం తగ్గింది. ఆ సాయంత్రం సుధామయి వరండాలో గోడవైపు తిరిగి నిలబడి, నడుం మీద చెయ్యి అలాగే ఉంచుకుంది. స్నేహలత ఆవిడకు కనబడకుండా మెట్ల మలుపులో కూర్చునేది. రోజూ వెళ్లేది, రోజూ అక్కడే కూర్చునేది. లిఫ్టు తలుపు తెరుచుకున్న ప్రతిసారీ లేచి నిలబడేది. ఏడో రోజు జ్వరం దిగింది. కిడ్నీ మెల్లగా తేరుకుంది, మునుపటంత కాదు. పంతొమ్మిదో రోజు ఆయన్ని ఇంటికి పంపారు.

ఆయన వచ్చేలోపే డాబా ఖాళీ చేయించారు. మట్టిని సంచుల్లో కట్టి, ల్యాబ్‌కి తీసుకెళ్లి, ఆటోక్లేవ్‌లో ఆవిరికి ఉడికించి చంపాలని కమిటీ చెప్పింది. పేరయ్యను రానివ్వలేదు. శశిభూషణ్ తన కారు తెచ్చి, మాస్కు పెట్టుకుని, అరవయ్యేళ్ల వయసులో ఆ సంచులు భుజాన వేసుకుని మెట్లు దిగాడు. నలభై కుండీలకు నాలుగు రోజులు పట్టింది. కాయలతో ఉన్న మొక్కలు కూడా ఆ సంచుల్లోకే వెళ్లాయి.

స్నేహలతను ఆరు నెలలు ల్యాబ్‌లోకి రావద్దన్నారు. పద్నాలుగో నంబరు మీద చేసిన పనంతా ఆగిపోయింది. దాన్ని దాచిన గొట్టాలు ఒకటి తప్ప అన్నీ నాశనం చేశారు. ఆ ఒక్కటీ తాళం వేసిన పెట్టెలో ఉంది.

"తొమ్మిదో నంబరు ఉంది," అన్నాడు శశిభూషణ్ చివరి సంచి కారులో పెడుతూ. "పూర్తిగా చదివించాను. హాని లేని జాతి. నీ పద్నాలుగు చేసిన దాంట్లో సగం పని కూడా చెయ్యదు. అయినా సగం ఎరువు కాకపోతే పావు ఎరువు తగ్గిస్తుంది. ఆరు నెలల తర్వాత దాంతో మొదలుపెట్టు."

"సార్, నాతోని అయితదా? ప్లేటు యాదికొస్తేనే చెయ్యి వణుకుతున్నది."

"వణకనీ," అన్నాడాయన. "మొదట్నుంచీ ఇద్దరికీ కాస్త వణుకు ఉండాల్సింది."

ఆ వారాంతంలో సుధామయి పైకి వచ్చింది. గది గుమ్మం దాటి లోపలికి రాలేదు.

"నిన్ను తిట్టడానికి నాకు నోరు రావడం లేదమ్మా. నువ్వు చెప్పబట్టే సరైన మందు పడిందని డాక్టరు చెప్పింది. నువ్వు తేబట్టే ఆ మందు అవసరమైందని నాకు తెలుసు. రెండూ నిజమే. కానీ పైన నీ అడుగుల చప్పుడు వినబడితే నాకు నిద్ర పట్టడం లేదు. ఇంకో గది చూసుకో."

స్నేహలత అడిక్‌మెట్‌లో ఒక లేడీస్ హాస్టల్‌లో మంచం చూసుకుంది. ఆదివారం పదింటికి రెండు బ్యాగులూ పుస్తకాల పెట్టే దించుకుని గేటు దగ్గర ఆటో కోసం నిలబడింది. ముందు గది కిటికీ అద్దాలు మూసి ఉన్నాయి. లోపల వెంకటసుబ్బారావు మంచం మీద దిండ్లకు ఆనుకుని కూర్చున్నాడు. సగమైపోయాడు. ఆమెను చూసి ఫోన్ చెవి దగ్గర పెట్టుకున్నాడు. ఆమె ఫోన్ మోగింది. ఇద్దరి మధ్యా నాలుగడుగుల దూరం, ఒక అద్దం.

"మట్టంతా తీసేశారటగా."

"తీసినమంకుల్. ఉడికించినం. ఇగ ఏం లేదు."

"వంకాయలు కూడా?"

"అన్నీ."

ఆయన ఊపిరి తీసుకోడానికి ఆగాడు. "నీ మీద కోపంగా ఉందా అని ఆంటీ అడిగింది. ఉంది. నాలుక మీద వేసుకుని చూపించావు చూడు, దానికి కాదు. నీకు తెలియదప్పుడు. తెలిశాక ఒక రాత్రంతా ఊరుకున్నావు. దానికి."

"అవునంకుల్." ఆమె కళ్లు తుడుచుకోలేదు. తుడుచుకుంటే ఆయనకు కనబడుతుందనుకుంది, తుడుచుకోకపోయినా కనబడుతూనే ఉంది. "మస్తు భయమైంది. ఇప్పటికీ భయమే ఉన్నది."

"నాకూ," అన్నాడాయన. "పడుకుని ఊపిరి పీలిస్తే లోపల ఏదో మిగిలుందేమో అనిపిస్తుంది. డాక్టరు లేదంటుంది. నమ్మలేను." మళ్లీ ఆగాడు. "అప్పుడప్పుడు ఫోన్ చెయ్యమ్మా. ఇంటికి మాత్రం రావద్దు."

ఆమె తలూపింది. లోపల సుధామయి వచ్చి ఆయన చేతిలో ఫోన్ తీసుకుని పక్కన పెట్టి, మాత్రలూ నీళ్లూ అందించింది. కిటికీ వైపు చూడలేదు.

ఆటో వచ్చింది. డ్రైవరు పుస్తకాల పెట్టె ఎత్తి లోపల పెడుతూ రెండుసార్లు దగ్గాడు. స్నేహలత మెట్టు మీద పెట్టిన కాలు వెనక్కి తీసుకుంది.

"ఎన్ని దినాలసంది ఉన్నదన్నా ఈ దగ్గు?"

"దుమ్మక్కా. తార్నాక రోడ్డంతా తవ్విండ్రు, చూస్తలేవా? ఎక్కు."

ఆమె ఎక్కింది. అడిక్‌మెట్ చేరేదాకా అతను మళ్లీ దగ్గుతాడేమోనని వింటూనే కూర్చుంది.